వసారాలో వంటిల్లు

ఆ ఏడు పొగాకు విరగపండింది. జావా దీవిలో మా సుంబింగ్ కొండ మీద మబ్బు తునక లేదు, వాన జాడ లేదు, ఊరు ఊరంతా నవ్వు మొహంతో తిరుగుతోంది. గండం వచ్చి పడింది నా ఒక్కదానికే. దాన్ని తెచ్చిపెట్టింది పోనియెమ్.

పొద్దున్నే నేను వసారా ఊడ్చి చాపలు పరుస్తున్నాను. బడి పిల్లలు ఇంకా రాలేదు. పోనియెమ్ తన కొడుకు తెగూని రెక్క పట్టుకుని లాక్కొస్తూ, మెట్లెక్కుతూనే అందుకుంది.

“బూ యుస్, టీచరమ్మా, మా వాడికి మీరేం నేర్పుతున్నారో కాస్త చెప్తారా?”

“ఏం చేశాడు?”

“ఏం చేశాడా! నిన్న మా ఆయన ఎండలోంచి తడక దించి పొగాకు చూసుకుంటున్నాడు. వీడొచ్చి చిటికెడు తీశాడు. నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ తరవాత ఏమన్నాడో తెలుసా? ‘సి. అంతకు మించి రాదు. తీసుకుపో’ అన్నాడు. కన్నతండ్రిని!”

నాకు నవ్వాగలేదు. “మరి కొనేవాళ్ళు ఏం రకం కట్టారు?”

“సి రకమే కట్టారు, అది వేరే సంగతి. వచ్చే ఏడు వీడు పెద్ద బడికి పోవాలి. మా అక్క కొడుకు పట్నంలో నాలుగేళ్ళకే పేపరు చదువుతున్నాడు. వీడు పొగాకు వాసన చూస్తున్నాడు!”

తెగూ తల్లి చేతిలోంచి జారిపోయి, వసారా మూలకు పరిగెత్తి, విరిగిన తక్కెడ ముందు హాయిగా కూర్చున్నాడు.

ఆ మూలే గొడవంతటికీ కారణం. కొబ్బరి చిప్పలు, పాత బుట్టలు, మట్టి పొయ్యి, నా పాత తలగుడ్డలు, మా ఆయన పాత టోపీ, ఇవన్నీ అక్కడ పోశాను. పిల్లలు అక్కడ వండుకుంటారు, అంగడి పెడతారు, పెళ్ళిళ్ళు చేస్తారు, చనిపోతారు, మళ్ళీ లేస్తారు. కోతల కాలం వచ్చేసరికి అందరికీ పొగాకు కొనే దొర వేషమే కావాలి. నాలుగేళ్ళ పిల్ల తను కాని మనిషిగా కాసేపు మసిలిందంటే, ఆ మనిషి నడక, మాట, మనసు అన్నీ తనలోకి లాక్కుంటుంది. ఆ పని పలక చేయదు. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా తల్లులు తలూపి, చివరికి “అయితే ఎ, బి, సి, డి ఎప్పుడు?” అని అడిగేవారు.

లోపల దగ్గు వినపడింది. మా మామగారు బయటికొచ్చారు. ఊరి బడిలో హెడ్మాస్టరుగా చేసి దిగిన మనిషి. ఊళ్ళో సగం మంది చెవులు ఆయన మెలిపెట్టినవే. అత్తగారు పోయాక ఇల్లు బోసిపోయిందని వసారాను నా బడికి ఇచ్చింది కూడా ఆయనే.

“ఏమే పోనియెమ్, పొద్దున్నే ఏమిటా గోల?”

పోనియెమ్ గొంతు ఒక్కసారి మెత్తబడింది. వంగి నిలబడింది. “చిత్తం, పాక్ గురూ. తమకు నిద్రాభంగం చేశాను. తమరే సెలవివ్వాలి” అని మొత్తం విన్నవించుకుంది.

“వీడి తాతకీ నేనే అక్షరాలు దిద్దించాను. వీడికీ వస్తాయి. నువ్వు పొలానికి పోవే” అని ఆమెను పంపించారు. ఆ తరవాత నా వైపు తిరిగారు. చేతులు వెనక కట్టుకున్నారు.

“శ్రీమతి యుస్నిదార్. పొగాకు కోతలు ముగియులోగా ఈ సామగ్రిని తొలగించి, బల్లలు, నల్లబల్ల ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాను. లేనిచో వసారాను పొగాకు తడకలకు వినియోగించుకొనగలము. ధన్యవాదములు.”

నేను తలూపాను. రేడియోలో వార్తలు విన్నట్టుంటుంది, ఆయన నాతో మాట్లాడితే.

ఇక్కడి జావా మాటకి రెండు అంతస్తులు. కింది అంతస్తు పిల్లలకీ, స్నేహితులకీ, కడుపున పుట్టినవాళ్ళకీ. పై అంతస్తు పెద్దలకీ, అతిథులకీ. అక్కడ ఎదుటివాళ్ళు తినరు, ఆరగిస్తారు. రారు, విచ్చేస్తారు. నేను సుమత్రాలో పదాంగ్ పిల్లని. నాకు అప్పట్లో ఈ రెండూ సరిగా రావు, దేశమంతా ఆఫీసుల్లో నడిచే ఇండోనేషియా భాషే వచ్చు. పెళ్ళయిన కొత్తలో నలుగురు చుట్టాల ముందు “నేను ఇప్పుడే విచ్చేశాను” అన్నాను. ఇల్లు పడిపోయేలా నవ్వారు. మామగారు మాత్రం నవ్వలేదు. కొత్త కోడలికి కష్టం కలగకూడదని ఆ క్షణం నుంచే నాతో ఆఫీసు భాషలోకి మారిపోయారు. మర్యాదకే చేశారు. కానీ మళ్ళీ అక్కణ్ణించి దిగి రాలేదు. ఊళ్ళో ప్రతి ఆడదాన్నీ “ఏమే” అని పిలిచే మనిషి, తన ఇంట్లో వండి పెడుతున్న నన్ను మాత్రం ఏళ్ళ తరబడి “శ్రీమతి” అనేవారు. పోనియెమ్‌ని “పోవే” అన్నప్పుడల్లా ఆ చనువు నాకెందుకు లేదా అని కుళ్ళుకునేదాన్ని.

సాయంత్రం మా ఆయన వసిస్ పొలం నుంచి రాగానే పట్టుకున్నాను. ఇక్కడ భర్తని మాస్ అని, భార్యని దిక్ అని పిలుచుకుంటారు.

“మాస్, మీ నాన్నగారితో ఒక్క మాట చెప్పు. ఆ మూల తీసేస్తే బడి తీసేసినట్టే.”

“నేనా? దిక్, ఆయన ముందు నిలబడితే నాకింకా ఎక్కాలు గుర్తొచ్చి చెమట పడుతుంది. నువ్వే చెప్పు.”

“ఏ భాషలో చెప్పను?”

ఆయన పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. మొక్కజొన్న అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు.

అసలు నొప్పి వేరే ఉంది. మా అయిదేళ్ళ కూతురు గానిస్ కకూంగ్‌తో, అంటే తాతతో, మాట్లాడటం మానేసింది. అది కింది మాటతో ఏదడిగినా ఆయన “ఏమిటీ? వినపడలేదు” అనేవారు. పై మాటతో అడిగితేనే వినపడుతుందన్నమాట. ఆయన పద్ధతి అది, పిల్లలకు అలాగే నేర్పుతారు ఇక్కడ. కానీ ఇది మొండిది. అడగటమే మానేసింది. తలూపుతుంది, తల అడ్డంగా తిప్పుతుంది, అంతే. “తల్లికి రాని భాష పిల్లకెలా వస్తుందిరా” అని ఆయన వసిస్‌తో అనగా విన్నాను. వసారా పోతుందన్న దిగులు కంటే ఆ మాటే ఎక్కువ కోసింది.

కొన్నాళ్ళకు ఆయన స్వయంగా పరీక్ష పెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అటక మీది నల్లబల్ల దింపించి, సుద్దముక్కతో ఎ రాశారు.

“ఇదేమిటి?”

పిల్లలందరూ ఒక్కసారి మొహాలు చిట్లించారు. “ఎ! ఛీ!”

“ఛీ ఏమిటి?”

“అడుగాకు, కకూంగ్! గడ్డి! మేక కూడా ముట్టదు!” అన్నాడు తెగూ.

ఇక్కడ కొనేవాళ్ళు ఎ అని కడితే అది అన్నిటికన్నా నాసిరకం. అక్షరం ముందుకు పోయినకొద్దీ ఆకు గొప్పదవుతుంది. ఆయన బి రాశారు. “బి! ఏదో, పరవాలేదు.” సి రాశారు. “మా నాన్నది!” డి, ఇ. ఎఫ్ రాసేసరికి “ఓహో!” అని అందరూ లేచి నిలబడ్డారు. ఒకరు బుట్ట ఎత్తుకున్నారు కూడా. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. అంతా వచ్చేసినట్టే ఉందే అన్నట్టు నన్నొకసారి చూసి, జి రాశారు. పిల్లలు మళ్ళీ కూర్చున్నారు.

“ఇదేమిటి? చెప్పండి.”

నింగ్సి అనే బొద్దుపిల్ల జాలిగా అంది: “అది ఈ ఏడు పండలేదు, కకూంగ్.”

నేను తలుపు చాటుకు పోయి తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన ఓడిపోయే మనిషి కాదు. పరీక్ష చాలించి పిల్లల బొమ్మలు చూడటం మొదలుపెట్టారు. గానిస్ కొండ బొమ్మ గీసింది, మంచి బొమ్మే. మనవరాలిని మెచ్చుకుందామని కింద ఎర్ర పెన్సిలుతో పెద్ద ఎ వేశారు. గానిస్ ఆ కాగితం కేసి చూసింది. గట్టిగా ఏడుస్తూ వచ్చి నా ఒళ్ళో పడింది.

“నా కొండ గడ్డి అన్నారు!”

ఆయన పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అంతమంది పిల్లలకు చదువు చెప్పిన మనిషికి మొదటిసారి ఏం చేయాలో తోచలేదు. చివరికి ఆ ఎ కొట్టేసి పక్కన ఎఫ్ వేశారు. అయినా గానిస్ ఆయన దగ్గరికి పోలేదు. ఆ సాయంత్రమే పట్నంలో వడ్రంగికి బల్లలు చేయమని కబురు పంపారు. బల్లలుంటే తప్ప ఈ బడి బాగుపడదు అనుకున్నట్టున్నారు.

ఇంక లాభం లేదని నేను మెల్లగా సర్దడం మొదలుపెట్టాను. చిప్పలు కొన్ని గోనెలో వేశాను. పిల్లలు మళ్ళీ తీసుకున్నారు. మళ్ళీ వేశాను.

ఒక మధ్యాహ్నం పెద్దలంతా మిట్ట పొలంలో పై ఆకు కోస్తున్నారు. పిల్లలు కొందరే వచ్చారు. మామగారు లోపల కిటికీ పక్కన పేపరు చదువుతున్నారు. నేను గుమ్మంలో కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తున్నాను. మూలలో గానిస్ వసిస్ టోపీ పెట్టుకుని, చేతులు వెనక కట్టుకుని, దగ్గింది. అచ్చు ఆయన దగ్గే.

“దయచేయండి, దయచేయండి. ఇంత ఎండలో శ్రమపడి విచ్చేశారు. మా పూరిపాకకు ఎంత భాగ్యం!”

నా చేతిలో కత్తి ఆగిపోయింది. పై అంతస్తు మాట. ఒక్క పొల్లు పోకుండా. తాతతో పెదవి విప్పని పిల్ల నోట్లోంచి ధారగా వస్తోంది.

దొర వేషంలో ఉన్న తెగూ చాప మీద మఠం వేశాడు. “తమరి ఆరోగ్యం కులాసానా?”

“తమ దయ. మోకాళ్ళే మాట వినడం లేదు. తమరి శ్రీమతిగారు కులాసానా?”

“కులాసానే. ఈవిడే” అని తెగూ నింగ్సిని చూపించాడు. నింగ్సి బుట్టలోంచి లేని పిల్లను తీసి జోకొడుతోంది.

లోపల పేపరు చప్పుడు లేదు. పేజీ తిప్పి చాలాసేపయిందని అప్పుడు తట్టింది నాకు.

“తమరు ఆరగించారా?” అడిగాడు తెగూ.

“ఆహా, నేను ఇప్పుడే ఆరగించాను” అంది గానిస్ పొట్ట నిమురుకుంటూ.

“తప్పు!”

తలుపు దబ్బున తెరుచుకుంది. మామగారు పేపరు చేతిలో పట్టుకునే వచ్చేశారు. “తప్పు! ఎదుటివాళ్ళు ఆరగిస్తారు. మనం తింటాం! మనల్ని మనమే గౌరవించుకోకూడదు!”

గానిస్ బెదరలేదు. బెదరడానికి అది గానిస్ కాదు అప్పుడు. తలెత్తి, ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

“కకూంగ్ నేను. నువ్వెవరు?”

నువ్వు అంది. ఆయన “వినపడలేదు” అంటారని అనుకున్నాను. అనలేదు.

“నేను... నేనూ కకూంగ్‌నే.”

“ఇద్దరుండరు. ఆడితే ఆడు, లేకపోతే జరుగు. ఇంట్లో అతిథులున్నారు.”

ఆయన నా వైపు చూడబోయి మానుకున్నారు. పేపరు మడిచి మెట్టు మీద పెట్టారు. “మరి నేనెవర్ని?”

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. గానిస్ తేల్చింది. “మాకు అమ్మ లేదు. అమ్మవి నువ్వు. కాఫీ తే.”

నింగ్సి నా పాత తలగుడ్డ తెచ్చి, ఆయన్ని వంగమని, తల చుట్టూ కట్టి గడ్డం కింద ముడివేసింది. చిప్పలున్న పళ్ళెం చేతికిచ్చింది. ఆయన మోకాళ్ళు నొప్పి పెడుతున్నా ఒంగి నడుచుకుంటూ, అతిథుల ముందు నుంచి ఎలా వెళ్ళాలో అలాగే వెళ్ళి, చిప్పలు దించారు.

గానిస్ కళ్ళు దొర మీదే ఉన్నాయి. పళ్ళెం వైపు తిరక్కుండా, గొంతు బిగించి, పై మాటా కాదు, కింది మాటా కాదు, ఆఫీసు భాషలో అంది:

“ధన్యవాదములు. అక్కడ ఉంచగలరు.”

కర్రపెండలం నా ఒళ్ళోంచి దొర్లిపోయింది. నేను తీసుకోలేదు.

ఆయన అక్కడే నిలబడ్డారు. ఇంకో మాట ఏదైనా వస్తుందేమో అని చూస్తున్నట్టున్నారు. రాలేదు.

“ఇప్పుడేం చేయాలి?”

“ఏం లేదు. లోపలికి వెళ్ళిపో.”

“నేనూ కూర్చుంటాను. మాట్లాడతాను.”

“అమ్మ కూర్చోదు.”

“ఎందుకు కూర్చోదు?”

ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది గానిస్. కోపంగా కాదు, ఆట తెలియని వాడికి ఓపిగ్గా చెప్పినట్టే చెప్పింది. “కకూంగ్ కూర్చోమనరుగా.”

ఆయన వెనక్కి వెళ్ళారు. మూలకు అడ్డం కట్టిన వెదురు తెర అవతల, పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. ఇవతల దొరా, కకూంగూ పొగాకు గురించి, వాన గురించి తీరిగ్గా మాట్లాడుకుంటూనే ఉన్నారు. కాసేపటికి తెర వెనక నుంచి మెల్లగా వినపడింది. “ఇప్పుడు రావచ్చా?”

“ఇంకా అతిథులు వెళ్ళలేదు!”

నాకు సిగ్గేసింది. పిల్లకు ఏం తెలుస్తుందిలే అని ఇన్నాళ్ళూ అనుకున్నదంతా వసారా మధ్యలో పరిచినట్టయింది. ఆయన మీద జాలి కూడా వేసింది. అన్నిటికీ మించి నా కూతుర్ని ఎత్తుకుని ముద్దులాడాలనిపించింది. దాని ఆట చెడగొట్టకూడదని గుమ్మంలోనే కూర్చున్నాను.

అతిథులు వెళ్ళాక ఆయన తలగుడ్డ ముడి విప్పుకున్నారు. నాలుగు మడతలు పెట్టారు. నా దగ్గరికి వచ్చి, “ఇది...” అన్నారు. ఏ భాషలోనూ తరవాతి మాట దొరకలేదు. నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

తరవాత ఆయన నాతో మాట్లాడటం ఇంకా తగ్గించేశారు. “శ్రీమతి” కూడా లేదు. కాఫీ పెడితే తల ఎత్తి చూసేవారు, ఏదో అనబోయేవారు, కప్పు అందుకునేవారు. గానిస్‌తో మాత్రం రోజూ ఏదో వేషం కడుతున్నారు. ఒకరోజు పెళ్ళికూతురి మేనమామ, ఒకరోజు మేక. ఆ పిల్ల వేషం వేసుకున్నంతసేపూ తాతతో పై మాట దంచేస్తోంది. వేషం తీశాక కూడా ఒకటీ అరా జారుతోంది. నాకు సంతోషమే. కానీ వడ్రంగి బల్లలు తెచ్చి పెరట్లో దించిపోయాడు. అందులో మాత్రం మార్పు లేదు. మూల తీసేయమంటారా అని ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. అవునంటే ఏం చేయను? మూలలో వస్తువులు సగం గోనెలోకి చేరాయి.

కోతల చివరి రోజుల్లో వాన దెబ్బ తీసింది. పెరట్లో, దారి పక్కన, ఎక్కడ చూసినా తడకల మీద తరిగిన పొగాకు ఎండుతోంది. పై ఆకు, ఆ ఏడు పంటంతటికీ అదే గొప్పది. కొండ మీద ఒక్క మబ్బు కనపడింది అనుకునేలోగా చినుకులు మొదలయ్యాయి. తడిసిందా, ఎఫ్ కాస్తా ఎ అయిపోతుంది. ఊరంతా కేకలు. పోనియెమ్ వాళ్ళది దించేసి మాకు సాయం వచ్చింది. వసిస్, కూలివాళ్ళు, పిల్లలతో సహా తలా ఒక తడక ఎత్తుకుని పరుగు. మామగారు వసారా మెట్టు మీద నిలబడి చేతులూపుతూ అందర్నీ తోలుతున్నారు.

వసారా నిండిపోయింది. నేను తడక నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి ఖాళీ ఒక్క చోటే ఉంది, పిల్లల మూలలో. ఎటూ పోయేదేగా అనుకున్నాను. కాలితో మట్టి పొయ్యిని పక్కకు నెట్టి తడక దించబోయాను.

“ఏయ్! కళ్ళున్నాయా నీకు? అక్కడ పెడతావేమే!”

తడకతో సహా బిగుసుకుపోయాను. ఎవర్ని అంటున్నారా అని పక్కకు చూశాను. పక్కన ఎవరూ లేరు.

“నిన్నేనే! రేపు పిల్లలు వంటెక్కడ చేసుకుంటారు? నెత్తి మీదా? ఆ పొయ్యి ఎక్కడిదక్కడ పెట్టు! తీసుకెళ్ళి నా గదిలో పెట్టు, నా మంచం మీద పెట్టు! ఏమిటే ఆ చూపు, తడిసి ఛస్తోంది, పరిగెత్తు!”

పరిగెత్తాను. ఆయన గదిలో, ఆయన తలగడ మీద తడక దించాను. పొగాకు ఘాటుకి కాదు కళ్ళు మండింది. బయటికొస్తుంటే వసిస్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

“దిక్, ఏమీ అనుకోకు. కంగారులో నోరు జారారు. ఇంతమంది ముందు నిన్ను ‘ఏమే’ అన్నారు. ఈసారి నేనే మాట్లాడతాను నాన్నతో, గట్టిగా...”

“మాట్లాడావంటే చూడు” అన్నాను.

వాన పెద్దదయింది. పెరటి చివర బల్లల పక్కన ఇంకో తడక మిగిలిపోయింది. “ఇంకోటుందే! కనపడటం లేదూ?” అని మామగారు మెట్టు మీంచి గొంతు చించుకుంటున్నారు. కనపడుతూనే ఉంది. వానలోకి దిగాను. కావాలనే నెమ్మదిగా నడిచాను.